చెవితో పెట్టిన టైమింగ్

మార్చి 4, మంగళవారం

ఈ ఊళ్ళో పని తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. పొద్దున్న ఇందా బజారుకి వెళ్ళి ఫియట్‌కి డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు కావాలంటే, కౌంటర్లో ఉన్నవాడు నా మొహం వంక అలా చూస్తూ ఉండిపోయాడు. "కాకూ, ఎ గాడీ ఏఖోనో చొలే?" అని బెంగాలీలో అడిగి పక్కవాడితో కలిసి నవ్వాడు. నడుస్తుందిరా బాబూ, నీ షాపు మూసేశాక కూడా నడుస్తుంది. చివరికి అటక మీంచి దుమ్ముపట్టిన డబ్బా ఒకటి దింపి నా ముందు పడేశాడు. అందులో వెతుక్కోవడం కూడా నా పనే అయింది.

ఝపటాపూర్ తిరిగొచ్చి, ఇంటి ముందు బానెట్టు ఎత్తి పాయింట్లు మార్చాను. పాయింట్లు మారిస్తే టైమింగ్ మళ్ళీ పెట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే మావాడు జాన్ పాల్ దిగబడ్డాడు. సిగ్నల్ డిపార్ట్‌మెంటులో ఉద్యోగం, న్యూ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు, చేతిలో ఎప్పుడూ ఫోను.

"డాడీ, టైమింగ్‌కి లైటొకటుంటాది. అది పెట్టి సూడాల. యూట్యూబ్‌లో సూపిస్తన్నారు," అన్నాడు.

నాకు! సర్వీసంతా డీజిల్ షెడ్డులో ఇంజన్ల పక్కన నిలబడి బతికినవాడికి యూట్యూబు!

"ఒరే, ఇలా రా," అన్నాను. "పిస్టన్ పైకొస్తా ఉంటాది. అది పైకి సేరడానికి రవ్వంత ముందు ప్లగ్గు నిప్పు కొట్టాల. మరీ ముందు కొట్టీసిందనుకో, పైకొస్తన్న పిస్టన్ని ఎదురు బాదుతాది. ఇంజన్ టింగుటింగుమని గోల పెడతాది. లేటుగా కొట్టిందనుకో, బండికి బలం ఉండదు, ఈడుస్తాది. అంచేత నిప్పుని కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ ఎల్లాల. టింగుమనగానే రవ్వంత ఎనక్కి తిప్పి బిగించీయాల. దీనికి లైటెందుకురా? సెవుంటే సాలు."

వాడు వింటే కదా. "ఆపరేసన్ రోజుకి టాక్సీ మాటాడీసినాను. ఈ డొక్కుని అమ్మీద్దాం డాడీ, ఇంక సాలు," అన్నాడు.

వచ్చే నెల పదో తారీకున మిడ్నాపూర్ నర్సింగ్ హోములో సూసన్న మోకాలికి ఆపరేషన్. నేనుండగా నా భార్య టాక్సీలో వెళ్తుందా? ఆ మోకాళ్ళతో స్టేషన్ మెట్లు ఎక్కలేదు కాబట్టే చర్చికైనా డాక్టరు దగ్గరికైనా ఈ ఫియటే దిక్కయింది. నా బండిలో, నా చేత్తో తీసుకెళ్తానని వాడి ముందే సూసన్నకి చెప్పేశాను. ఆపరేషనంటే ఆవిడకి భయం లాంటిదేమీ లేదు, ఆ విషయంలో గట్టి మనిషి.

వాడు పోయాక టైమింగ్ పెట్టాను. ముందుకు జరిపి, ఆక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా లాగి విన్నాను. టింగు లేదు. ఇంకా జరిపాను. లేదు. ఈ ఇంజన్ ఎంత మంచిదో ఎవరికీ తెలియదు. ఇంకాస్త జరిపి నట్టు బిగించాను.

మార్చి 5

ఫస్ట్ క్లాసు. సెల్ఫ్ కొట్టగానే లేచింది.

మార్చి 7, శుక్రవారం

పూరీ గేటు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి నీరసపడింది. పక్క సీట్లో సూసన్న అటూ ఇటూ చూస్తూ, "ఏదో గలగలమంతంది," అంది.

నాకు అర్థం కాక, "ఏటి?" అన్నాను.

"గలగలమంతందండీ! డబ్బాలో మేకులేసి కుదిపినట్టు!"

ఆవిడ సంచిలోని టిఫిను డబ్బా అయి ఉంటుందన్నాను. డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఇంకా ఉందంది. పక్కకి తీసి ఆపి, డిక్కీలోని జాకీ తెచ్చి వెనక సీటు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టాను. ఇంకా ఉందంది. చప్పుడా? ఎక్కడ? ఇంజన్ తాలూకు గుమ్మనే మోత తప్ప నాకు ఇంకేం లేదు. ఇంజన్ సంగతి ఎవరికి తెలుసు, నాకా ఆవిడకా? ఇంజన్ మీద వంక పెట్టడం ఈ మధ్య ఇంట్లో అందరికీ ఫ్యాషనైపోయింది.

అవతలికి దిగేసరికి రేడియేటర్ పొంగింది. నీళ్ళు పోసి, చల్లారాక ఇంటికి తెచ్చాను. ఇదంతా పెట్రోలు వ్యవహారం. ఇప్పుడు పెట్రోల్లో స్పిరిట్ కలుపుతున్నారు, పాత బండ్లకి అది పడదు.

సూసన్న కూడా మారిపోయింది. ఒకప్పుడు నోరు మూయమన్నా మూసేది కాదు. ఇప్పుడు ఏదన్నా చెప్పాలంటే వంటింట్లోకి పోతూ, గోడకేసి తిరిగి గొణుగుతుంది. మనిషి మొహం చూసి మాట్లాడటం ఈ రోజుల్లో ఎవరికీ చేతకావడం లేదు.

మార్చి 9, ఆదివారం

కొత్త పాస్టరుగారికి మైకు పట్టుకోవడం రాదు. ప్రసంగమంతా నోట్లో నోట్లోనే చదువుకున్నాడు. ప్రసంగం దేని మీదని వస్తూ సూసన్నని అడిగితే, "దేని మీదయితే ఏటి లెండి," అంది. చూశారా, ఆవిడకీ అర్థం కాలేదు.

వెనక సీట్లో జాన్ పాల్ ఎక్కాడు. గిరి మైదాన్ దాటామో లేదో ముందుకు వంగి, నా భుజం తట్టి, "డాడీ, ఇంజన్ కొడతంది!" అన్నాడు. తల్లీ కొడుకూ కూడబలుక్కున్నారన్నమాట. బండి అమ్మించాలని ఇద్దరూ నడుం కట్టుకున్నారు. నేను అమ్మను.

మార్చి 10

ఈ ఏడు దోమలు లేవు. చెవి దగ్గర ఆ రొదే లేదు. మునిసిపాలిటీ వాళ్ళు ఎట్టకేలకు ఒక్క పని చేశారు. ఒంటి మీద దద్దుర్లు మాత్రం వేడి వల్ల.

మార్చి 12, బుధవారం

బండికి బలం ఇంకా తగ్గింది. కూర్చుని ఆలోచించాను. బలం తగ్గిందంటే నిప్పు మరీ ముందన్నా పడుతూ ఉండాలి, ఆలస్యంగానన్నా పడుతూ ఉండాలి. ముందు పడుతుంటే టింగుమనాలి కదా. టింగు లేదు. కాబట్టి ఆలస్యం. ఇంత సులువైన లెక్క ఆ ఫోన్లలో ఎవరూ చెప్పరు. టైమింగ్ ఇంకొంచెం ముందుకు జరిపాను.

మధ్యాహ్నం ఇంకో తలనొప్పి. సూసన్న కాలికి కాపడం పెట్టుకుని మంచం మీద ఉంది. "కుక్కర్ మూడు విజిల్స్ కొట్టినాక కట్టీయండి," అని నన్ను పురమాయించింది. వంటింటి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చున్నాను. ఒక్క విజిల్ లేదు. పక్కింటి బెంగాలీ దీదీ మాడు వాసన పట్టి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. అన్నం బొగ్గయింది.

"విజిల్ వొచ్చింది కదండీ," అంది సూసన్న, గోడ పట్టుకుని లేచి వచ్చి.

"రాలేదు."

"వొచ్చింది. పడక కాడికి ఇనబడింది."

"గుమ్మంలో కూకున్నోడ్ని నేను! రాలేదంటే రాలేదు!"

ఆవిడ నా వంక అదోలా చూసి, మాడిన కుక్కర్లో నీళ్ళు పోసింది. గోల్ బజార్ వెళ్ళి కుక్కర్‌కి కొత్త గ్యాస్కెట్టూ కొత్త విజిలూ కొనుక్కొచ్చాను.

మార్చి 13

కొత్త విజిల్ కూడా పనిచెయ్యడం లేదు. ఏ వస్తువు కొన్నా ఇంతే.

మార్చి 15, శనివారం

సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎదురు తన్నుతోంది. తాళం తీసేశాక కూడా కాసేపు గుడగుడలాడి గానీ ఆగడం లేదు. ఇక గత్యంతరం లేక ఇందాలో బాపీ దగ్గరికి తీసుకెళ్ళాను. పాత బండ్లు ముట్టుకునేవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే. సూసన్న కూడా వస్తానంది. ఎందుకో చెప్పలేదు.

బాపీ బానెట్టు ఎత్తి ఆక్సిలరేటర్ లాగాడు. లాగుతూనే మొహం చిట్లించుకున్నాడు. "కాకూ, టైమింగ్ బహుత్ ఆగే హై. కౌన్ కియా?"

టైమింగ్ మరీ ముందుకుందట, ఎవరు చేశారట. నేనే చేశానన్నాను. అయితే ఏమిటన్నాను.

"ఐసే చలాయేంగే తో పిస్టన్ మే ఛేద్ హో జాయేగా." పిస్టన్‌కి బొక్క పడుతుందట! నాకు చెప్తున్నాడు!

లైటు తెచ్చి పెట్టి డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఇంకా. "ఎంత తిప్పుతావయ్యా, చేతిలోకి ఊడొస్తుంది," అన్నాను హిందీలో. అతను తల ఎత్తి, "ఇత్నా ఆవాజ్ థా, ఆప్ సునా నహీఁ?" అని అడిగాడు. ఇంత చప్పుడు నాకు వినబడలేదా అట! అడిగిన తీరు నాకు నచ్చలేదు. సూసన్న అతని వంక చూసింది, అతను సూసన్న వంక చూశాడు.

వచ్చేటప్పుడు సూసన్న నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, ఒక్కో మాటా విడదీసి, "ఇప్పుడు నేదు. సప్పుడు పోనాది. పేనం హాయిగుంది," అంది. నాకు ముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఇంక బాపీ చేసిందేమిటి?

మార్చి 18

బాపీ పెట్టినది నాకు నచ్చలేదు. ఆ లైట్లన్నీ కొత్త బండ్లకి. చెవికి సరిపోయినట్టు మళ్ళీ ముందుకు తిప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? బండి నాది.

మార్చి 22, శనివారం

ఎబినేజర్ వచ్చాడు. షెడ్డులో నా జోడీ. వాడిని చూస్తే మనసు తేలికపడింది. ఈ ఊళ్ళో గట్టిగా, విడమరిచి మాట్లాడేవాడు వాడొక్కడే మిగిలాడు. మేం వరండాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే పక్కింటి దీదీ కిటికీ మూసేసుకుంది. ఆవిడకి తెలుగు పడదు.

లోడ్ బాక్స్ రోజులు తలుచుకున్నాం. రిపేరైన ఇంజన్‌ని కదలకుండా నిలబెట్టి, ఫుల్ లోడు మీద అరిపించేవాళ్ళం. ఆఫీసర్లు చెవులు మూసుకుని పారిపోయేవాళ్ళు. మాకు చెవులకి పెట్టుకోమని మఫ్‌లు ఇచ్చారు. వాటిని మేకుకి తగిలించి పనిలోకి దిగేవాళ్ళం. అవి పెట్టుకుంటే ఇంజన్ చెప్పేది ఎలా వినబడుతుంది? పెట్టుకున్నవాణ్ణి పెళ్ళికూతురని ఏడిపించేవాళ్ళం. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కీ ఒక కొస చెవికీ ఆనించి, ఏ సిలిండర్‌కి ఏం జబ్బో చెప్పేసేవాణ్ణి. 'సమూయేలు చెవి' అని షెడ్డంతా పేరు. ఇంజనీరు కూడా జీపు పంపి పిలిపించుకునేవాడు.

పాపం, ఎబినేజర్ ముసలాడైపోయాడు. చెవిలో మిషన్ పెట్టుకొచ్చాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను. వాడికి నచ్చుతుందని బండిలో ఒక తిప్పు తిప్పుదామని బయల్దేరదీశాను. ఫ్లైఓవర్ సగం ఎక్కామో లేదో, "ఒరే సామ్యేలూ! నాకింగురా! ఇంజన్ కొడతంది! ఆపు, ఆపు!" అని నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడరా నాకింగు?"

వాడు మిషన్ తీసి చేతిలో పెట్టుకుని విన్నాడు. "ఇప్పుడు నేదు." మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. "ఇదిగో, ఉంది." మళ్ళీ తీశాడు. "నేదు." మళ్ళీ పెట్టాడు. అప్పుడు నా వంక తిరిగి, "మరి నీకో?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "నీ మిసన్లోనే ఉందిరా సప్పుడు! తీస్తే పోతంది, పెడితే వొస్తంది. ఇంకేటి రుజువు కావాల?"

వాడు నవ్వలేదు. దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. తర్వాత గుమ్మం దగ్గర వాడూ సూసన్నా చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. ఇద్దరూ నా వైపు చూడకుండా మాట్లాడుకున్నారు.

మార్చి 23, ఆదివారం

ఎబినేజర్‌కి మంచి రకం మిషన్ కొనుక్కోమని చెప్పాలి.

మార్చి 26

సూసన్న బండి ఎక్కగానే కళ్ళు మూసుకుంటోంది. ప్రార్థన చేస్తున్నావా అంటే అవునంది.

మార్చి 28, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

ఆపరేషన్ ముందు పరీక్షలకి ఇవాళ మిడ్నాపూర్ వెళ్ళాలి. జాన్ పాల్ టాక్సీ అన్నాడు, నేను వద్దన్నాను. పదో తారీకుకి ఇది రిహార్సల్ అన్నాను. సూసన్నకి వెనక సీట్లో దిండు పెట్టి కాలు చాపించాను. ఛౌరంగీ దాటి హైవే ఎక్కాక బండిని కొంచెం లాగించాను. వెనకనుంచి ఆవిడ రెండుసార్లు నా భుజం మీద కొట్టింది. నెమ్మదిగా పొమ్మంటోందనుకుని చెయ్యి ఊపాను.

కాసాయి వంతెన మధ్యలో ఢామ్మని పేలింది. అది నాకూ వినబడింది. నీలం పొగ కమ్మేసింది, బండి ఎగిరెగిరి పడి ఆగిపోయింది. దిగి బానెట్టు ఎత్తాను. పొగలో ఏమీ కనబడక రోడ్డు వైపు ఒక అడుగు వేశాను. అంతే, ఎవరో వెనకనుంచి నా కాలరు పట్టి లాగారు. ఇద్దరం రెయిలింగ్ మీద పడ్డాం. నేను నిలబడిన చోటునుంచే బస్సు దూసుకుపోయింది. లాగింది సూసన్న. ఆ మోకాళ్ళతో, చెయ్యూత లేకుండా దిగి వచ్చి లాగింది.

"అంత హారను కొడతన్నాడు కదండీ! కీసుమని సెవులు పగిలిపోయినట్టు కొడతన్నాడు కదండీ!" అని నా చొక్కా పట్టుకుని ఊపేస్తూ ఏడ్చింది. పొగలో కూడా ఆ నోరు స్పష్టంగా కనబడింది.

నేను హారన్ వినలేదు. పేలిన చప్పుడుకి చెవులు గింగుర్లెత్తి ఉంటాయి.

బండిని అక్కడే వదిలేసి టోటో రిక్షా మాట్లాడుకుని వెళ్ళాం. ఆవిడ మోకాలు వాచింది. వంతెన దాటేదాకా నది వైపే చూస్తూ కూర్చుంది.

మార్చి 29, శనివారం

బాపీ బండిని లాక్కొచ్చి ఇంజన్ విప్పాడు. పిస్టన్ తీసి నా చేతిలో పెట్టాడు. నడినెత్తిన బొక్క. నా చిటికెన వేలు అందులో దూరింది.

"మైనే తో ఠీక్ కర్ దియా థా, కాకూ. ఫిర్ కౌన్ ఘుమాయా?"

తను సరిచేసినదాన్ని మళ్ళీ ఎవరు తిప్పారట. పెట్రోలు మంచిది కాదన్నాను. స్పిరిట్ సంగతి చెప్పాను. ఇంకా చెప్తూనే ఉన్నాను, స్టూలు మీద కూర్చున్న సూసన్న నన్ను దాటి బాపీతో గట్టిగా, "బేటా, ఉన్‌కో సునాయీ నహీఁ దేతా. కబ్ సే నహీఁ దేతా," అంది.

షాపులో అందరి ముందూ. ఆయనకి వినబడదు, ఎప్పటినుంచో వినబడదు, అని.

"ఎవులికి? నాకా?" అని లేచాను. "వర్క్‌షాప్ సైరన్ ఇంట్లో కూకుని ఇంటాను నేను! గూడ్సు బండి హారను ఇంటాను!"

"సైరన్ ఇంటారు," అంది. "నా మాట ఇనబడదు."

బాపీ తల దించుకుని చేతులు తుడుచుకున్నాడు. నాకు వచ్చిన కోపానికి ఆ పిస్టన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ ఒక్క పిస్టనే కాదు, లోపల సిలిండరు కూడా పోయింది. దీనికి సామాను ఎక్కడా దొరకదన్నాడు బాపీ. నా చేతులతో నేనే చంపుకున్నానని అతను అనలేదు. మంచివాడు.

మార్చి 30, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

మార్చి 31

సూసన్నతో మాట్లాడలేదు. ఆవిడా నాతో మాట్లాడలేదు. మాట్లాడిందేమో, నాకు తెలియదు.

ఏప్రిల్ 2, బుధవారం

జాన్ పాల్ చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. వాడి తృప్తి కోసం వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, శబ్దం వచ్చినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట్లో బుయ్‌మని రెండు మూడు వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. కూర్చున్నాను. ఇంకా కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టరేమిటని విసుగొచ్చి, చెయ్యి ఎత్తి అద్దం అవతలి అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చి, నా ఎదురుగా వంగి, పరీక్ష అయిపోయిందని చెప్పింది.

కుడి చెవి బాగా పోయిందట. ఎడమది కాస్త నయమట. లావు శబ్దాలు వింటానట, సన్నవి రావట. విజిలు, దోమ, ఇంజన్ టింగు, ఆడవాళ్ళ మాటల్లో సగం. ఇంజన్ల మోతలో పనిచేసిన వాళ్ళకి మామూలేనన్నాడు డాక్టరు. మామూలేనట! టింగు వచ్చేదాకా ముందుకు తిప్పుతూ పొమ్మని నేనే అన్నాను. ఆ టింగు నాకు ఈ జన్మలో రాదు. ఇంక ఆగేదెక్కడ?

జాన్ పాల్ ఏదో ఒకటి అంటే బాగుండేది, కసురుకునేవాణ్ణి.

ఏప్రిల్ 3

సూసన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని అడిగాను. "మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్పినాను. ఎన్నిసార్లో సెప్పినాను. మీకు ఇనబడ్నేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అరిసి సెప్పాల్సింది," అన్నాను.

"అరిస్తే ఎందుకలా అరుస్తావని కసిరీవోరు. మెల్లగ సెప్తే గొనుగుతున్నావనీవోరు. నేను సగం సెప్పకముందే మీరు జవాబు సెప్పీసి ఎల్పోయేవోరు. ఆకరికి మానీసినాను."

ఆవిడ అలిగిందని నేననుకున్నాను. నేను ఖాతరు చెయ్యడం లేదని ఆవిడ అనుకుందట. ఒకే ఇంట్లో ఇన్నాళ్ళూ ఇలా కాపురం చేశామా? ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియడం లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

చెవి మిషన్‌కి కొలత ఇచ్చాను. ఈస్టర్ దాటాక గానీ రాదట. చర్చిలో ఎబినేజర్ కనబడ్డాడు. నేనేమీ చెప్పకముందే నవ్వాడు. వెధవ.

ఏప్రిల్ 9, బుధవారం

ఇవాళే అడ్మిట్ చేశారు, ఆపరేషన్ రేపు పొద్దున్న. టాక్సీలోనే వచ్చాం. ఆ డ్రైవరు గేర్లు మార్చే తీరు చూస్తే ఒళ్ళు మండిపోయింది. నోరు మూసుకుని కూర్చున్నాను. కాసాయి వంతెన దాటేటప్పుడు అటు చూడలేదు. నా చేత్తో తీసుకొస్తానన్న మాట పోయింది, ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా ఎత్తలేదు.

జాన్ పాల్ మందులకని కిందికి వెళ్ళాడు. వార్డులో పెద్ద ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి, అటు పక్క మంచాల దగ్గర చుట్టాలు టిఫిన్లు విప్పుతున్నారు. సూసన్న పైకప్పు వంక చూస్తూ ఏదో అంది. పెదాలు కదలడం చూశాను. ఏమని ఉంటుంది, దుప్పటి అడిగిందేమో, పిల్లవాడు తిన్నాడా అందేమో. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేసి లేచిపోయేవాణ్ణి.

"ఇనబడ్నేదు," అన్నాను. "మల్లీ సెప్పు."

ఆ మాట నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు. ఆవిడ తల తిప్పి చూసింది. మళ్ళీ చెప్పింది. ఫ్యాను మోతలో ఒక్క ముక్క అందలేదు.

"ఇంకోసారి."

ఆవిడకి కోపం వచ్చింది. మోచేతి మీద లేచి, మొహం ఎర్రబడేలా అరిచింది. "నాకు బయమేస్తందండీ! మత్తు ఇచ్చినాక మల్లీ లెగుస్తానో నేదో అని బయమేస్తంది నాకు!"

వార్డు వార్డంతా తిరిగి చూసింది. పక్క మంచం ఆవిడ నోటి దగ్గర ముద్ద ఆపి, "కీ హోయేఛే, దీదీ?" అంటూ ఏమైందని అడిగింది.

"ఎప్పట్నించే?" అని అడిగాను.

"తారీకు సెప్పిన కాడ్నించీ. రోజూ సెప్తానే ఉన్నాను."

"నేనేటన్నాను?"

"సరే అన్నారు." మళ్ళీ పడుకుంది. కళ్ళు తుడుచుకుంది. నాకు వినబడాలని నా వైపు తిరిగి, ఇంకా గట్టిగా చెప్పింది. "ఒకరోజైతే, బండి కండీసన్‌గా ఉందిలే, నువ్వేటీ కంగారు పడకు అన్నారు."

కుర్చీ మంచానికి ఆనేలా లాక్కున్నాను. వంగి, ఎడమ చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది.

"సెప్పు," అన్నాను. "మొదట్నించీ సెప్పు."

చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి నర్సు వచ్చి నా వెనక నిలబడి, విజిటింగ్ టైము అయిపోయింది, బయటికి వెళ్ళమని గట్టిగా కేకేసింది. అది వినబడింది. వినబడనట్టే కూర్చున్నాను.